సెలవడిగిన రాజుగారు

మా అమ్మాయి వాళ్ళు ఈ ఎడారి దేశంలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాలో కింది వాటా అద్దెకు తీసుకున్నారు. పై వాటాలో ఇంకో కుటుంబం, వెనక గదుల్లో కొందరు బ్యాచిలర్లు. బ్యాచిలర్లంటే పెళ్ళికానివాళ్ళని అనుకునేరు. ఇక్కడ పెళ్ళాం పిల్లలు ఊళ్ళో ఉండి, తానొక్కడూ ఉన్నవాడు కూడా బ్యాచిలరే. తాతయినవాడు కూడా బ్యాచిలరే. ఈ పద్ధతి నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

మొన్న హాల్లో ఏసీ నీళ్ళు కారుస్తోందని మెయింటెనెన్స్ కంపెనీకి ఫోన్ చేస్తే, ఒకతను నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. జగిత్యాల అవతల పల్లెటూరట. నలభై దాటి ఉంటాయి. మెసైమీర్ అవతల ఎక్కడో కంపెనీ క్యాంప్‌లో ఉంటాడు. అమ్మాయీ అల్లుడూ వెస్ట్ బేలో ఆఫీసులకు పోయారు, ఇంట్లో నేనొక్కదాన్నే. తెలుగు వినబడగానే అతని మొహం విప్పారింది. నా సంగతి చెప్పక్కర్లేదు, మాట్లాడే మనిషి దొరికితే నేను వదలను. అతను ఏసీ మూత విప్పుతున్నంతసేపూ కింద నుంచి ప్రశ్నలు వేస్తూనే ఉన్నాను.

"మీ అమ్మ ఉందా నాయనా?"

"ఉన్నదవ్వా. పానం బాగుంటలేదు. జర నడిస్తె దమ్మొస్తున్నదట. దుబాయ్ నుంచి ఎప్పుడొస్తవు బిడ్డా అని రోజూ ఫోన్ల గదే అడుగుడు."

"ఇది దుబాయ్ కాదుగా?"

"మా అమ్మకు అన్నీ దుబాయే," అని నవ్వాడు. "లీవు కోసం మేనేజర్ కాడికి పోయిన అవ్వా. మంచోడే. కూసొమ్మన్నడు. చాయ్ తెప్పిచ్చిండు. అమ్మకెట్లున్నదని అడిగిండు. నేను చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్సిన. లేషి, భుజం మీద చెయ్యేసి, తలుపు దాకా వచ్చి సాగదోలిండు. బయటికొచ్చినంక యాదికొచ్చింది. లీవు ఇచ్చిండో ఇయ్యలేదో చెప్పనే లేదు."

అతను నిచ్చెన మీద నిలబడి నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇలాగే కూర్చుని, ఇలాగే మర్యాదలు జరిగి, ఇలాగే జవాబు లేకుండా మిగిలిపోయిన ఒక మనిషిని నేను చిన్నప్పుడు చూశాను. ఆయన రాజు. ఊరికే పేరుకి రాజు కాదు, గద్దె ఎక్కి, ఆ గద్దె మీద నుంచి దింపేయబడ్డ రాజు.

"నీ పని నువ్వు కానీ నాయనా. నీకో సంగతి చెబుతాను," అన్నాను.

మా నాన్న పోలీసు జవాను. సముద్రం ఒడ్డున మా ఊళ్ళో ఒక పాత బంగళా ఉండేది. దాని గేటు దగ్గర కాపలా ఆయన ఉద్యోగం. లోపలికి దొంగలు రాకుండా కాదు, లోపలున్న మనిషి బయటికి పోకుండా. ఆ లోపలున్న మనిషే రాజుగారు. ఎక్కడో కొండల్లో ఆయనది చిన్న రాజ్యం. కప్పం కట్టనన్నాడని కొందరు, కొండవాళ్ళను తెల్లదొరల మీదికి లేవదీశాడని కొందరు చెప్పుకునేవారు. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. దొరలు ఆయన పినతండ్రి కొడుకును గద్దె మీద కూర్చోబెట్టి, ఈయన్ను రాత్రికి రాత్రి కొండ దింపి మా ఊరు తెచ్చారట. అప్పటికి ఆయనకు మీసం కూడా సరిగా రాలేదట. నాకు ఊహ తెలిసేసరికి ఆ మీసం తెల్లబడిపోయింది. పెళ్ళాడిన రాణీగారు ఆ బంగళాలోనే పురిటిలో పోయారు. పిల్లలు లేరు.

మా కాపురం బంగళా ఆవరణలోనే, గేటు పక్కన పెంకుటింట్లో. అందుకని నేను నడక నేర్చింది మా ఇంట్లో అయితే, పెరిగింది మాత్రం రాజుగారి వంటింట్లో. ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. పచ్చకర్పూరం, తమలపాకులు, పట్టుబట్టల మడతల్లో పెట్టిన ఎండు వేపాకు, వీటన్నిటి మీదా సముద్రపు ఉప్పుగాలి. ఆ గాలికి కిటికీ ఊచలన్నీ తుప్పు పట్టి, పట్టుకుంటే అరచేతులు ఎర్రబడేవి. వంటింట్లో మాత్రం కొండ వంట. వెదురుకొమ్ముల కూర, ఆవపెట్టిన పనసపొట్టు, కందుల పులుసు. పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి అంబలి. రాజుగారు వెండి గిన్నెలో చోడి అంబలి తాగుతాడని ఊళ్ళో పెద్దమనుషులు నవ్వుకునేవారు. నాకు ఆ అంబలి అంటే ప్రాణం. ఉల్లిపాయ ముక్క నంజుకుని, గిన్నె అడుగు వేలితో నాకి మరీ వదిలేదాన్ని.

ఆయన్ను రాజా అని పిలవకూడదని దొరతనం వారి ఆజ్ఞ. అయ్యగారూ అనాలి, అంతే. బంగళాలో పనివాళ్ళు మాత్రం "ఏలినవారు" అనే అనేవారు. మా నాన్నకు వచ్చింది చిక్కు. టోపీ పెట్టుకుని గేటు దగ్గర ఉంటే "అయ్యగారూ" అనేవాడు. డ్యూటీ దిగి పంచె కట్టుకుంటే "ఏలినవారూ" అనేవాడు. మా అమ్మ ఊరుకునే మనిషి కాదు. "టోపీ పెడితే ఒక నోరు, తీస్తే ఒక నోరు. రెండు నోళ్ళున్న మొగుణ్ణి చేసుకున్నాన్రా దేవుడా," అనేది. నాన్న మీసాల చాటున నవ్వుకునేవాడు.

రాజుగారు రోజూ సాయంత్రం షికారు వెళ్ళేవారు. కాలువ మీద వంతెన దాకా ఆయనకు అనుమతి. ముందు ఆయన, నాలుగడుగులు వెనక మా నాన్న. వంతెన దగ్గర ఆగి, అవతల వైపు నీలంగా కనబడే కొండల్ని కాసేపు చూసి, వెనక్కి తిరిగేవారు. ఒక్కనాడూ వంతెన మీద కాలు పెట్టలేదు. పెడితే మా నాన్న ఉద్యోగం పోతుందని ఆయనకు తెలుసు.

బళ్ళకొట్టంలో ఒక విరిగిన పల్లకి పడి ఉండేది. ఆయన్ను కొండ దింపినప్పుడు తెచ్చిన పల్లకి అది. నేనూ, వంటవాడి కూతురూ మధ్యాహ్నాలు వంటింట్లో పనస తొనలు కొట్టేసి, దాంట్లో దూరి తినేవాళ్ళం. తొనల జిగురు చేతులకంటుకుని, ఆ చేతులు పల్లకి పరుపుకంటుకుని, ఆ పరుపులో దూది మా జుట్టుకంటుకుని, మా అవతారాలు చూడాలి. ఒకనాడు అలాగే ఉండగా రాజుగారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. వంటవాడి కూతురు పరుపు కింద తల దూర్చేసింది. నాకు దూర్చడానికి చోటు మిగల్లేదు.

"ఎందాకా ప్రయాణం?" అన్నారు.

"కోటకండి. మేమిద్దరం రాణీలమండి."

"బోయీలేరి?"

"పారిపోయారండి."

ఆయన పెద్దగా నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. తరవాత పల్లకి దండె మీద చెయ్యి వేసి, "దారి తెలుసా మరి?" అని అడిగారు. తెలియదన్నాను. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. కాలువ దాటితే రేవు, రేవు దాటితే గుగ్గిలం చెట్ల అడవి, అక్కణ్ణించి ఘాటీ ఎక్కాలి. పైన ఒక గెడ్డ వస్తుంది, దాని నీళ్ళు ఎండాకాలంలో కూడా పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. గెడ్డ దాటగానే కోట. లోపల మూడో వాకిట్లో వాళ్ళమ్మ కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతూ ఉంటుంది. అంతవరకూ చెప్పి ఆగిపోయారు.

"వెళ్తే, నేను బాగున్నానని మా అమ్మతో చెప్పండి," అన్నారు.

"మీరే వెళ్ళి చెప్పొచ్చు కదండీ?"

"మీ నాన్న ఊరుకోడు," అని నా చేతిలోంచి ఒక తొన తీసుకుని, తింటూ వెళ్ళిపోయారు.

నేను తిన్నగా ఇంటికి పోయి, అన్నం తింటున్న నాన్న మీద పడ్డాను. రాజుగారిని వాళ్ళమ్మ దగ్గరికి ఎందుకు పోనివ్వవని పోట్లాడాను. నాన్న అన్నం సగంలో చెయ్యి కడుక్కున్నాడు. మా అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. నాకు దెబ్బ కంటే ఆ వదిలేసిన అన్నమే ఎక్కువ గుర్తు.

ఏటా పంటలు ఇళ్ళకు చేరాక కొండ మీద నుంచి ఒక మనిషి వచ్చేవాడు. కావడిలో తేనె, పసుపు, చింతపండు. వాటితో పాటు తల్లిగారి క్షేమం. వంటింటి వసారాలో కూర్చుని అతను చెబుతుంటే, రాజుగారు గుమ్మం దగ్గర నిలబడి వినేవారు. ఆ ఏడు అతను తేనె కుండ దించకుండానే చెప్పాడు.

"పెద్ద రాణీగారికి రెండు కళ్ళూ పోనాయి బాబూ. కూడు కూడా సరీగా తినడం నేదు. మా బాబు మొహం ఒక్కపాలి సేత్తో తడిమి సూస్తానంతన్నారు. ఆ తరవాత పోయినా పరవానేదంతన్నారు."

రాజుగారు హాల్లోకి వెళ్ళిపోయారు. అంతకుముందు ఆయన వెళ్ళి చూసివస్తానని దొరలకు ఎన్నోసార్లు రాయించారట. దేనికీ జవాబు లేదు. ఈసారి కొత్తగా ఒక కుర్ర దొర వచ్చాడని, వచ్చీరాని తెలుగు మాట్లాడతాడని, మెత్తటి మనిషని ఊళ్ళో అనుకుంటున్నారు. దొరలు ఏడాదికోసారి బంగళాకు వచ్చి రాజుగారు ఉన్నారా లేదా అని కళ్ళారా చూసుకుని పోవడం మామూలు. ఈసారి వచ్చినప్పుడు నోరు తెరిచి అడుగుతానని రాజుగారు అన్నారు. ఆ మాటకు వంటింట్లో అందరి పనులూ ఆగిపోయాయి. ఆ వంశంలో ఎవరూ ఎవర్నీ నోరు తెరిచి ఏదీ అడిగి ఎరగరట. ఇవ్వడమే గాని అడగడం వాళ్ళకు చేతకాదు.

ఇక్కడ అడపం తాత సంగతి చెప్పాలి. అడపం అంటే రాజుగారి తమలపాకుల సంచి. అది మోసుకుంటూ వెంట ఉండటం ఆ తాత వాళ్ళ కులవృత్తి. తాతకు చెవులు బొత్తిగా వినబడవు, కళ్ళు మాత్రం చురుకు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. వచ్చినవాడు ఎంతటివాడైనా రాజుగారు తాంబూలం ఇచ్చేదాకా లేవకూడదు. ఇచ్చాక ఇంకొక్క మాట కూడా మాట్లాడకూడదు, కళ్ళకద్దుకుని సెలవు పుచ్చుకోవాలి. రాజ్యం పోయింది, సైన్యం పోయింది, ఆ ఒక్క అధికారం మాత్రం ఆయన దగ్గర మిగిలింది. ఇక చాలని ఆయనకు అనిపిస్తే కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకునేవారు. తెర వెనక నిలబడ్డ తాత అది చూసి వెండి పళ్ళెం పట్టుకొచ్చేవాడు. ఒకసారి తెర దాటి వచ్చిన పళ్ళెం వెనక్కి పోకూడదు. పోతే అశుభం, వచ్చినవాడికి అవమానం. వచ్చే దొరలకు కూడా మా నాన్నే ముందుగా ఈ మర్యాదలన్నీ చెప్పి పంపేవాడు.

దొర వచ్చే రోజున తివాచీలు ఎండేశారు. వెండి సామానంతా చింతపండుతో తోమారు. నేను హాలు కిటికీ కింద కూర్చున్నాను. వంటవాడి కూతురు నా పక్కనే. కుర్ర దొర ఎర్రగా, చెమటలు కక్కుతూ వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. వానల గురించి అడిగాడు. ఆరోగ్యం గురించి అడిగాడు. రాజుగారు అన్నిటికీ నెమ్మదిగా జవాబు చెప్పారు. చివరికి అసలు మాట వచ్చింది.

"నేను మిమ్మల్ని ఒకటి అడగాలి," అన్నారు. ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది. "మా తల్లికి కళ్ళు పోయాయి. నన్ను ఒక్కసారి చూడాలంటోంది. వారం చాలు. మీ జవాన్లను ఎంతమందిని పంపినా సరే. నేను గద్దె కోసం పోవడం లేదు. నా తల్లి..."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి కళ్ళజోడు తీశారు.

తెర కదిలింది. అడపం తాత పళ్ళెం పట్టుకుని, అలవాటైన నడకతో, తల వంచుకుని వచ్చి రాజుగారి పక్కన నిలబడ్డాడు.

వాకిట్లో నిలబడ్డ మా నాన్న ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. రాజుగారు ఆ పళ్ళెం వైపు చూశారు. దాన్ని వెనక్కి పంపొచ్చు. పొరపాటు జరిగిందని చెప్పొచ్చు. కాని అలా చెబితే పరాయివాడి ముందు తాత తల దించుకోవాలి, తాను రెండోసారి అడగాలి. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. పళ్ళెం అందుకుని రెండు చేతులతో దొరకు తాంబూలం ఇచ్చారు.

కుర్ర దొర ఊపిరి పీల్చుకుని లేచాడు. నాన్న నేర్పినట్టే కళ్ళకద్దుకున్నాడు. జవాబు చెప్పాల్సిన అవసరం తప్పిందని అతని మొహంలో తెలుస్తూనే ఉంది. "సెలవు," అన్నాడు. గుర్రం ఎక్కి వెళ్ళిపోయాడు.

తాతకు జరిగింది అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. ఎవరో చేతులతో సైగ చేసి చెప్పారు. ఆ పళ్ళెం అలాగే పట్టుకుని వంటింట్లో కూలబడ్డాడు. "నా సేతుల్తో ఇచ్చీసేన్రా సెలవు," అని ఒకటే ఏడుపు. రాజుగారు వంటింట్లోకి వచ్చారు. ఆయన అక్కడికి రావడమే వింత. తాత ఎదురుగా నేల మీద కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అన్నారు.

"నువ్వు చూసిందే నువ్వు చేశావు. నీ తప్పు లేదు. నా కళ్ళే తొందరపడ్డాయి."

నాకు అప్పుడు దొర మీద పెద్దగా కోపం రాలేదు. ఆ పళ్ళెం మీద వచ్చింది. మరునాడు దాన్ని బావిలో పారేద్దామని వంటవాడి కూతురితో కలిసి పథకం కూడా వేశాను. బరువుగా ఉండి మా వల్ల కాలేదు.

తరవాత వంటింట్లో ఏ పూటైనా అదే మాట. దొర కబురు పంపుతాడేమోనని ఒకరు, మళ్ళీ వచ్చే ఏడు అడగాలని ఒకరు, అప్పటిదాకా ఆ తల్లి ఉంటుందా అని ఒకరు. ఆ మాటల మధ్యలో తమ రాణీవాసం గొప్ప కూడా చెప్పుకునేవారు. ఆ కోటలోకి పల్లకిలో వచ్చిన రాణి మళ్ళీ పాడె మీదే గడప దాటుతుందట. పరాయి మగవాడి కంట పడటం వాళ్ళకు చావుతో సమానమట. నేను కూడా నోరు తెరుచుకుని విన్నాను. ఎంత గొప్పవాళ్ళో అనుకున్నాను.

కబురు రాలేదు. సెలవు ఇవ్వం అని కూడా ఎవరూ చెప్పలేదు. కొండ మనిషి వట్టి కావడితో తిరిగి వెళ్ళిపోయాడు.

చలి కొంచెం తగ్గిన రోజుల్లో, మిట్ట మధ్యాహ్నం, గేటు ముందు ఒక ఎడ్లబండి ఆగింది. బండికి నాలుగు వైపులా పాత దుప్పట్లు కట్టి ఉన్నాయి. ముందు నడుస్తున్నది ఆ కొండ మనిషే. మా నాన్న టోపీ పెట్టుకుని గేటు దగ్గర ఉన్నాడు.

"ఎవరు బండిలో?" అన్నాడు.

"పెద్ద రాణీగారు," అన్నాడు కొండ మనిషి.

అనుమతి లేకుండా ఎవర్నీ లోపలికి రానివ్వకూడదు. ముందు స్టేషన్‌కు కబురు పంపాలి. మా అమ్మ గుమ్మంలో నిలబడి నాన్ననే చూస్తోంది. నాన్న కాసేపు బండి వైపు చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

కాని బండి లోపలికి రాలేదు. దుప్పటి తొలగించుకుని ఒక ముసలావిడ రోడ్డు మీదే దిగిపోయింది. తెల్లచీర, చెప్పులు లేని కాళ్ళు. అప్పటికే వీధిలో జనం పోగయ్యారు. అడపం తాత ఎక్కడినుంచో పరుగున వచ్చి, రెండు దుప్పట్లు తెరలా పట్టించబోయాడు. ఆమె చేత్తో వాటిని తోసేసింది.

"తియ్యండ్రా. నాకు ఊరు కనబడదు. ఊరికి నేను కనబడితే ఏటైపోద్ది?"

చేతులు ముందుకు చాచుకుని నడిచింది. మా అమ్మ పరుగెత్తి చెయ్యి పట్టుకుంది. రాజుగారు మెట్ల మీదకు వచ్చి అక్కడే నిలబడిపోయారు. ఆమె మెట్టెక్కి ఆయన మొహం తడిమింది. నుదురు, కళ్ళు, ముక్కు. మీసం దగ్గర చెయ్యి ఆగింది.

"ఇదెవుడిదిరా?" అంది. ఆమె చివరిసారి ముట్టుకున్న మొహానికి మీసం లేదు.

రాజుగారు ఆమె కాళ్ళ మీద పడ్డారు. "అమ్మా, సెలవు దొరకలేదమ్మా. అడిగాను. దొరకలేదు," అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

ఆమె ఏడవలేదు. ఆయన్ను లేపింది కూడా కాదు. తల మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడి అంది.

"వాళ్ళు నిన్ను కట్టీసినారు, నిజమే. నన్నెవుడు కట్టీసినాడు నాయనా? మనిద్దరిలో సంకెల ఒకరికే గదా. మరి ఇన్నేళ్ళూ ఇద్దరం ఎందుకు కూకుండిపోయాం?"

అక్కడ అంతమంది పెద్దలున్నారు, ఆచారాలన్నీ తెలిసినవాళ్ళు. దొరలను తిట్టిపోసినవాళ్ళు, జవాబుల కోసం ఎదురుచూసినవాళ్ళు. కోట నుంచి బంగళాకు బండి దారి ఉందన్న సంగతి వాళ్ళల్లో ఒక్కరికీ తట్టలేదు. ఆయనకూ తట్టలేదు. ఆమెకైనా చూపు పోయాకే తట్టింది.

ఆమె ఆ ఎండాకాలం దాకా బతికింది. వసారాలో పీట మీద కూర్చుని, అంబలి పలచనైందని వంటవాణ్ణి తిట్టేది. నా జుట్టు తడిమి, పేలున్నాయని మా అమ్మను తిట్టేది. ఆమె తిట్లకు బంగళాలో ప్రాణం వచ్చింది. రాజుగారు తన చేత్తో అన్నం కలిపి ఆమెకు తినిపించేవారు. సాయంత్రాలు ఆమె ఆయన చెయ్యి పట్టుకుని వంతెన దాకా నడిచేది. అక్కడ ఆయన కొండలు చూడటం మానేశారు. గాలికి ఆమె చీరకొంగు సర్ది, తిరిగి తీసుకొచ్చేవారు.

తాటిముంజెలు వచ్చే రోజుల్లో, ఒక ఉదయం, కొడుకు ఒళ్ళో తల పెట్టుకుని పోయింది. దొర దగ్గర నుంచి జవాబు అప్పటికీ రాలేదు. గేటు తెరిచినందుకు మా నాన్నను ఎక్కడో మెట్ట ప్రాంతానికి బదిలీ చేశారు. నాన్న దాని గురించి ఎవరి దగ్గరా వాపోలేదు. తరవాత తెల్లదొరలు పోయారు, రాజ్యాలూ పోయాయి. రాజుగారు ఇష్టమైన చోటికి పోవచ్చని ఎవరో చెబితే, "ఇంక అక్కడ ఎవరున్నారు?" అన్నారని, ఆ బంగళాలోనే కన్నుమూశారని విన్నాను.

ఏసీ బిగించడం పూర్తయింది. గదిలో చల్లగాలి వస్తోంది. అతను నిచ్చెన దిగకుండా నా మాటలే వింటున్నాడు.

నేను ఈ దేశం వచ్చింది ఆ రాణీగారి వల్లే. అమ్మాయికి లీవు ఏటికేడు వాయిదా పడుతూ వచ్చింది. ఈసారి ప్రాజెక్టు, ఈసారి పిల్లాడి పరీక్షలు. నేనూ కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తూ ఉండేదాన్ని. ఒకనాడు ఉన్నట్టుండి ఆమె మాట గుర్తొచ్చి, నన్నెవరు కట్టేశారనుకున్నాను. ఎనభై దాటాక పాస్‌పోర్టు తీయించుకున్నాను. ఈ వయసులో విమానమేమిటని నవ్విన వాళ్ళందరికీ ఈ సంగతి చెప్పాను. చెప్పినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. అతనికీ అదే గర్వంతో చెప్పాను.

"అందుకని నాయనా, ఆ మేనేజర్ సంగతి వదిలెయ్. మీ అమ్మనే రమ్మను."

అతను నెమ్మదిగా కిందికి దిగాడు. చేతులు తుడుచుకున్నాడు.

"మా అమ్మ వస్తదవ్వా. రమ్మంటె ఇయ్యాల్నే బయలెల్లుతది. దమ్మొచ్చినా కూసుంట కూసుంట వస్తది. గని నా జీతానికి ఆమెకు వీసా ఇయ్యరు. ఇచ్చిన్రే అనుకో. క్యాంపుల రూముకు ఎనిమిది మందిమి పంటం. ఆడోళ్లను గేటు లోపటికి రానియ్యరు. అమ్మను యాడ పండవెట్టాలె?"

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగాడు. పెద్దదాన్ని కదా, నాకేమైనా దారి తెలుస్తుందేమోనని నా మొహంలోకి చూశాడు.

ఆ రాణీగారికి దాటడానికి గడప అయినా ఉంది. ఆమె రావచ్చునని ఎవరికీ తట్టకపోవడమే అక్కడ అడ్డం. ఇక్కడ తల్లికీ తట్టింది, కొడుక్కీ తట్టింది. ఇద్దరూ రోజూ ఫోన్‌లో అదే అనుకుంటున్నారు. అయినా దారి లేదు. ఇన్నేళ్ళూ ఆ సంగతిని అందరికీ దారి చూపించే కథలా చెప్పుకుని పొంగిపోయినందుకు నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

"ఏడ్వకవ్వా," అన్నాడతను. "మేనేజర్ మంచోడే. ఐతారం ఆఫీసు తెరవంగనె మళ్ళ పోయి అడుగుత." నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.